షోరూమ్ సర్వీసా, మన ఊరి షెడ్డా? రెండు బళ్ళు, రెండు రకాల అనుమానాలు

వంశధార_ఒడ్డున (గుణుపురం)

అన్నలందరికీ నమస్కారం. ఇంట్లో రెండు కార్లున్నాయి. ఒకటి 2023 మార్చిలో తీసుకున్న 1.2 లీటర్ల పెట్రోలు బండి, మాన్యువల్ గేరు, 28,600 కిలోమీటర్లు తిరిగింది. దీనికి ఐదేళ్ళ దాకా పొడిగించిన వారంటీ కట్టాను. రెండోది నాన్నగారి 2013 మోడల్ పాత పెట్రోలు బండి, 94 వేలు దాటింది. వారంటీ గొడవ లేదు.

కొత్త బండికి ఇప్పటిదాకా సర్వీసులన్నీ శ్రీకాకుళంలో షోరూమ్‌లోనే చేయించాను. పోను రాను దగ్గర దగ్గర 200 కిలోమీటర్లు, ఒక రోజు పూర్తిగా పోతుంది. ఈసారి ఫోన్లో అంచనా అడిగితే 11,400 చెప్పారు. అందులో ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, ఏసీ ఫిల్టరు, లేబరు కాకుండా ఇవి కూడా ఉన్నాయి: ఇంజన్ ఫ్లష్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ డిసిన్ఫెక్షన్, ఇంజన్ డ్రెస్సింగ్, అలైన్‌మెంట్-బ్యాలెన్సింగ్, అండర్‌బాడీ కోటింగ్, బ్రేకుల ఓవరాలింగ్. మా ఊళ్ళో షెడ్డు మెకానిక్కు ఆయిల్ తెచ్చిస్తే 500కి మార్చేస్తానంటున్నాడు. చెయ్యి మంచిదే, కానీ బిల్లు ఇవ్వడు, కంప్యూటర్ లేదు.

నా ప్రశ్నలు: కొత్త బండి షెడ్డులో ఇస్తే వారంటీ పోతుందా? ఆ జాబితాలో ఏవి అవసరం? పాత బండికి షెడ్డులో చేయిస్తే దగ్గరుండి ఏం చూసుకోవాలి?

---

పదోనంబర్_పానా (రాయగడ)

మీ రెండు బళ్ళకీ ఒకే జవాబు ఉండదు, విడివిడిగా చూడాలి.

కొత్త బండికి పొడిగించిన వారంటీ డబ్బులు కట్టారు కాబట్టి 2028 మార్చి దాకా షెడ్యూలు సర్వీసులు షోరూమ్‌లోనే కానివ్వండి. ఏడాదికి ఒక్కసారి, లేదా పదివేల కిలోమీటర్లకి ఒకసారి. పెట్రోలు లెక్క వేసుకున్నా లీటరుకి 18 వస్తుందనుకుంటే 200 కిలోమీటర్లకి 11 లీటర్లు, పదకొండు వందల పైమాటే. శ్రీకాకుళంలో వేరే పని ఉన్న రోజే పెట్టుకుంటే ఆ ఖర్చు కలిసొస్తుంది. కానీ ఆ 11,400 కట్టక్కర్లేదు.

జాబితా ఒక్కొక్కటీ చూద్దాం.

ఇంజన్ ఫ్లష్: వద్దు. టైముకి ఆయిల్ మారుస్తున్న ఇంజన్లో కడగడానికి మడ్డి ఉండదు. పైగా ఆ ఫ్లష్ పూర్తిగా కిందకి దిగదు. ఛాంబర్లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), సందుల్లో మిగిలింది కొత్త ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది.

థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలి వదిలే రేకు ఉండే భాగం): ఐడిల్‌లో, అంటే ఆగి ఉన్నప్పుడు ఇంజన్ తిరుగుతుండగా, బండి వణుకుతుంటే, ఆర్‌పీఎం ముల్లు పైకీ కిందికీ ఆడుతుంటే చేయించాలి. ఏ ఇబ్బందీ లేకుండా 30 వేల కిలోమీటర్లకి అక్కర్లేదు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న బళ్ళలో ఆ రేకుని చేత్తో బలవంతంగా తిప్పి తుడిస్తే లోపలి గేరు దెబ్బతింటుంది. తుడిచాక కొన్నిటికి స్కానర్‌తో (బండి కంప్యూటర్‌కి తగిలించే యంత్రం) ఐడిల్ మళ్ళీ నేర్పించాలి. కాబట్టి ఎప్పుడైనా అవసరమైతే ఇది స్కానర్ ఉన్న చోటే.

ఏసీ డిసిన్ఫెక్షన్: వాసన వస్తే ఆలోచించండి. సగం సార్లు ఏసీ ఫిల్టరు మారిస్తే వాసన పోతుంది. ఆ ఫిల్టరు చాలా బళ్ళలో గ్లవ్‌బాక్స్ వెనకాలే ఉంటుంది, పానా కూడా అక్కర్లేదు, ఐదు నిమిషాల పని. బాణం గుర్తు గాలి వెళ్ళే వైపు ఉండాలి. చాలామంది తిరగేసి పెట్టేది అక్కడే.

ఇంజన్ డ్రెస్సింగ్: పైపుల మీద మెరుపు నూనె. ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగే మన బళ్ళకి దాని మీద దుమ్ము ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. వద్దు.

అలైన్‌మెంట్: స్టీరింగు వదిలితే బండి ఒక పక్కకి లాగుతున్నా, టైరు లోపలి అంచు లేదా బయటి అంచు ఒకటే అరుగుతున్నా, పెద్ద గుంతలో పడి దెబ్బ తగిలినా చేయించండి. లేకపోతే ఈ ఏడాదికి అక్కర్లేదు. టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చడం మాత్రం పదివేలకి ఒకసారి చేయించాలి. ముందు చక్రాలు లాగే బళ్ళలో ముందు టైర్లు తొందరగా అరుగుతాయి.

అండర్‌బాడీ కోటింగ్: ఒక్కసారి బాగా వేయిస్తే మంచిదే, వర్షాకాలం మనకి గట్టిగా ఉంటుంది. కానీ ప్రతి సర్వీసుకీ కాదు. బురద పూర్తిగా కడిగి, ఆరాకే కొట్టాలి. తడి మీద కొడితే లోపల నీరు బిగుసుకుపోయి తుప్పు ఇంకా తొందరగా వస్తుంది.

బ్రేకుల ఓవరాలింగ్: ఈ మాట మీద మాత్రం ఆగండి. మనది ఘాటీల ఊరు, బ్రేకుల దగ్గర డబ్బు ఆదా చేయకూడదు. కానీ "ఓవరాలింగ్" అంటే ఏం చేస్తారో జాబ్ కార్డు (బండికి చేయాల్సిన పనులు రాసే షోరూమ్ కాగితం) మీద రాయించుకోండి. చేయాల్సినవి ఇవీ: ముందు ప్యాడ్ల మందం కొలవడం (కొత్తవి సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటాయి, 3 దగ్గరికి వస్తే మార్చేయాలి), క్యాలిపర్ స్లైడ్ పిన్నులు తీసి తుడిచి సిలికాన్ గ్రీజు పెట్టడం, వెనక డ్రమ్ములు విప్పి లైనర్ల దుమ్ము తీయడం, హ్యాండ్‌బ్రేక్ కేబులు సర్దడం. పిన్నులకి మామూలు బేరింగు గ్రీజు పెడితే రబ్బరు బూటు ఉబ్బి పిన్ను బిగుసుకుంటుంది. అప్పుడు ఒక ప్యాడు పూర్తిగా అరిగిపోయి, రెండోది కొత్తదానిలా మిగులుతుంది. విప్పినప్పుడు రెండు ప్యాడ్ల మధ్య తేడా కనిపిస్తే కారణం సాధారణంగా అదే.

ఇక అంచనాలో రాయనిది, మీరే అడగాల్సింది బ్రేక్ ఆయిల్. మూడేళ్ళ బండి, ఎవరూ మార్చి ఉండరు. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దగ్గర మరుగుతుంది. తేమ పట్టాక 140కి పడిపోతుంది. సుంకి నుంచి సాలూరు వైపు ఘాటీ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే ఆ వేడి వచ్చేస్తుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ మెత్తగా కిందకి దిగిపోతుంది, బ్రేకు పట్టదు. రెండేళ్ళకి ఒకసారి మార్చాలి, మన రోడ్లకి ఇది మరీ ముఖ్యం. ఫ్లష్‌కీ డ్రెస్సింగ్‌కీ పెట్టే డబ్బులో ఇది అయిపోతుంది.

పాత బండికి షెడ్డే సరిపోతుంది. దాని సంగతి తెలిసినవాళ్ళు రాస్తారు, మిగిలింది నేను కలుపుతాను.

---

బిల్లు_చూడు (పర్లాకిమిడి)

వారంటీ గురించి రెండు ముక్కలు. ఇందులో చాలామంది పొరబడేది ఒకటుంది.

బయట సర్వీసు చేయిస్తే వారంటీ మొత్తం రద్దు అనే మాట మీద 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీ సరిగా సాగేలా చూసే కేంద్ర సంస్థ) ఉత్తర్వు ఉంది. 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. కంపెనీ ఒరిజినల్ విడిభాగాలు, స్కానర్లు బయటి మెకానిక్కులకి అందనివ్వడం లేదన్నది ఆరోపణ. బయట పని చేయించుకున్నారని వారంటీ గంపగుత్తగా రద్దు చేయకూడదని, బయటి పని వల్ల ఏ నష్టం జరిగిందో అంతమేరకే నిరాకరించవచ్చని ఆ ఉత్తర్వులో ఉంది. తర్వాత కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి, 2016లో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానా లెక్కని తగ్గించింది. కాబట్టి ఈ కాగితం పట్టుకెళ్ళి కౌంటరు దగ్గర వాదిస్తే పని జరగదు. మీ వారంటీ పుస్తకం తెరిచి చదవండి. పొడిగించిన వారంటీ అనేది మీరు డబ్బు కట్టి కుదుర్చుకున్న ఒప్పందం. షెడ్యూలు సర్వీసులు కంపెనీ వర్క్‌షాపులోనే చేయించాలనీ, ఫలానా రోజులు, ఫలానా కిలోమీటర్లు దాటకూడదనీ అందులో షరతు ఉంటే ఆ షరతు పాటించాల్సిందే. పైన అన్న చెప్పినట్టు మీరు షోరూమ్ వదలకండి.

కానీ షెడ్యూలు సర్వీసు వేరు, మధ్యలో చేయించే చిన్న పనులు వేరు. పంక్చరు, వైపర్ రబ్బర్లు, బ్యాటరీ, బల్బు, ఎయిర్ ఫిల్టరు దులపడం, టైర్లు మార్చడం ఊళ్ళోనే చేయించుకోండి. వైరు కోసి హారను, లైట్లు, కెమెరా బిగించడం మాత్రం ఒప్పుకోవద్దు. ఎలక్ట్రికల్ క్లెయిము తిరగ్గొట్టడానికి కోసిన వైరు ఒక్కటి చాలు.

షోరూమ్‌లో బండి ఇచ్చేటప్పుడు: జాబ్ కార్డు మీద కిలోమీటర్లు, పెట్రోలు మట్టం, మీరు ఒప్పుకున్న పనులు మాత్రమే ఉండాలి. "ఇవి తప్ప వేరే పని ఏది చేయాలన్నా ఫోన్ చేసి ఒప్పుకున్నాకే" అని తెలుగులోనే రాసి కింద సంతకం పెట్టండి. తీసేసిన పాత భాగాలు డిక్కీలో పెట్టమనండి. బిల్లులో ప్రతి భాగానికీ పార్ట్ నంబరు ఉంటుంది, పాత భాగంతో సరిచూసుకోండి. "కన్స్యూమబుల్స్" అని గుండుగుత్తగా వేస్తే ఏమిటని అడగండి. నిజంగా వాడినవి గ్రీజు, బ్రేక్ క్లీనరు, గుడ్డ ముక్క అయితే అది వందల్లో ఉండాలి, వేలల్లో కాదు.

పన్ను కూడా చూసుకోండి. విడిభాగాల మీద ఎక్కువ వాటికి 28 శాతం జీఎస్టీ ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి అన్నిటికీ 18 శాతం. లేబరు మీద ముందునుంచీ 18. పాత ఎమ్మార్పీ ముద్ర ఉన్న డబ్బా చూపించి పాత ధర వేస్తే అడిగే హక్కు మీకుంది.

సరిహద్దులో ఉన్నవాళ్ళకి పనికొచ్చే సంగతి ఇంకొకటి. షోరూమ్ ఆంధ్రలో, మనం ఒడిశాలో, గొడవ వస్తే శ్రీకాకుళం చుట్టూ తిరగాలా అని భయపడతారు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. గుణుపురం వాళ్ళకి అది రాయగడ జిల్లా కమిషన్. దానికి ముందు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తే చాలా బిల్లు తగాదాలు అక్కడే తేలిపోతాయి. జాబ్ కార్డు, బిల్లు, చెల్లించిన రసీదు మూడూ దగ్గరుండాలి.

---

వంశధార_ఒడ్డున

చాలా సంతోషం అన్నా. వారంటీ పుస్తకం తీసి చూశాను, సర్వీసులు వాళ్ళ దగ్గరే చేయించాలనే ఉంది. కొత్త బండి షోరూమ్‌కే పంపిస్తాను, జాబితాలో సగం కొట్టేయిస్తాను. పాత బండికి ఆయిల్ ఏది కొనాలి? షెడ్డులో అందరికీ 20డబ్ల్యూ-40 పోస్తున్నారు, పాత ఇంజన్‌కి చిక్కటి ఆయిలే మంచిదంటున్నారు.

---

కాశీనగర్_షెడ్డు (గజపతి జిల్లా)

చిక్కటి ఆయిల్ మాట సగమే నిజం. ఆయిల్ తాగే ఇంజన్‌కి, పొగ కొట్టే ఇంజన్‌కి ఒక మెట్టు చిక్కగా పోస్తే కొన్నాళ్ళు నడుస్తుంది. మీది ఆయిల్ తాగకపోతే ఆ మాట మీ బండికి వర్తించదు. 2013 నాటికే చాలా పెట్రోలు ఇంజన్లలో వాల్వుల టైమింగు ఆయిల్ ఒత్తిడితో మారుతుంది. ఆ సన్నని దారుల్లో 20డబ్ల్యూ-40 పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు నిదానంగా వెళ్తుంది. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో టకటక చప్పుడు, పికప్ తగ్గడం, మైలేజీ తగ్గడం వస్తాయి. మాన్యువల్‌లో ఏ గ్రేడు రాసి ఉంటే అదే కొనండి. ఆ కాలం పెట్రోలు బళ్ళకి ఎక్కువగా 5డబ్ల్యూ-30 రాసి ఉంటుంది. మీ కొత్త బండికైతే ఇంకా పలచనిది, 0డబ్ల్యూ-16 లాంటిది రాసి ఉండొచ్చు. ఆ డబ్బా, ఈ డబ్బా కలగలపకండి.

కొనాల్సినవి: ఆయిల్ 3.5 లీటర్ల డబ్బా ఒకటి (1.2 లీటర్ల ఇంజన్‌కి ఫిల్టరుతో కలిపి మూడు లీటర్ల పైన కొద్దిగా పడుతుంది, సరైన లెక్క మాన్యువల్‌లో ఉంటుంది), ఆయిల్ ఫిల్టరు ఒకటి, డ్రెయిన్ బోల్టు వాషరు ఒకటి. వాషరు చాలా తక్కువ ధర, అయినా ఎక్కువమంది కొనరు. అది మెత్తటి లోహం, ఒక్కసారి నలిగితే మళ్ళీ సరిగ్గా కూర్చోదు. పాతదే వేసి, కారుతోందని బోల్టుని పొడుగు రాడ్డుతో బిగిస్తారు. అల్యూమినియం ఛాంబర్ మర పోతుంది. అక్కడినుంచి లేతు పని, లేదా కొత్త ఛాంబర్.

ఆయిల్ కంపెనీ డీలరు దగ్గరో, పెద్ద స్పేర్స్ షాపులోనో బిల్లుతో కొనండి. మూత సీలు మీ ఎదురుగానే తెంచాలి. పని అయ్యాక ఖాళీ డబ్బాకి మేకుతో రెండు చిల్లులు పెట్టండి. మంచి డబ్బాలు ఖాళీగా దొరికితే లూజు ఆయిల్ నింపి అమ్మేవాళ్ళు ఉంటారు, వాళ్ళకి అందకుండా ఉంటుంది.

పని జరిగే తీరు ఇది, దగ్గరుండి చూడండి.

ఇంజన్ ఐదు నిమిషాలు తిప్పి ఆపాలి. గోరువెచ్చగా ఉంటే ఆయిల్ మడ్డితో సహా దిగుతుంది. కాలేంత వేడి మీద వద్దు. బండి మట్టసంగా ఉండాలి. జాకీ మీద ఒక పక్క ఎత్తి ఆయిల్ తీస్తే అటువైపు ఛాంబర్లో కొంత మిగిలిపోతుంది. ఎత్తాల్సి వస్తే డోరు కింద ఉండే గాటుల దగ్గరే జాకీ పెట్టాలి, కింద స్టాండు లేకుండా ఎవరూ దూరకూడదు.

పైన ఆయిల్ మూత తీసి, కింద డ్రెయిన్ బోల్టు విప్పి పది నిమిషాలు వదిలేయాలి. చుక్కలు చుక్కలుగా పడేదాకా ఆగాలి. ఆ బోల్టుకి అంటుకున్నది చూడండి. నల్లటి సన్నని పొడి మామూలే. వేలికి గుచ్చుకునే మెరిసే ముక్కలుంటే ఇంజన్ లోపల ఏదో అరుగుతోంది.

ఫిల్టరు విప్పాక దాని రబ్బరు రింగు ఫిల్టరుతో పాటు వచ్చిందా లేదా చూడాలి. ఇది మరిచిపోవద్దు. పాత రింగు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోతే, దాని మీద కొత్త ఫిల్టరు బిగిస్తే రెండు రింగులవుతాయి. స్టార్ట్ చేసిన కాసేపటికి ఒత్తిడికి ఒకటి జారుతుంది, ఆయిల్ మొత్తం రోడ్డు పాలు. లైటు వెలిగి, మీరు గమనించి ఆపేలోపు బేరింగులు పోతాయి. కొత్త ఫిల్టరు రింగుకి వేలితో కొత్త ఆయిల్ రాసి, చేత్తో తిప్పి, రింగు తగిలాక ఇంకో ముప్పావు చుట్టు చేత్తోనే. ఫిల్టరు పానా విప్పడానికే గాని బిగించడానికి కాదు.

డ్రెయిన్ బోల్టు మర ముందు చేత్తో ఎక్కించాలి, తర్వాతే పానా. టార్క్ రెంచి ఉంటే మాన్యువల్ అంకె పెట్టండి, చాలా చిన్న పెట్రోలు ఇంజన్లకి 35 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ బోల్టుకి ఎక్కువ బలం అక్కర్లేదు.

ఆయిల్ ముందు రెండున్నర, మూడు లీటర్లు పోసి, ఇంజన్ ఒక నిమిషం తిప్పి, ఆపి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడాలి. రెండు గుర్తుల మధ్య, పై గుర్తుకి దగ్గరగా ఉంటే చాలు. డబ్బా ఖాళీ చేయాలని అంతా పోయకండి. మట్టం ఎక్కువైతే క్రాంకు దాన్ని చిలికి నురగ చేస్తుంది, ఆ నురగతో ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది, ఆవిరి గొట్టం గుండా ఎయిర్ ఫిల్టరు తడుస్తుంది.

94 వేల బండి కదా, ఇంకో రెండు పనులు కూడా చూడమనండి. ప్లగ్గులు విప్పేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండాలి. కాయిల్ సాకెట్ క్లిప్పు పదేళ్ళ ప్లాస్టిక్, స్క్రూడ్రైవరుతో తన్నితే విరుగుతుంది, తర్వాత వదులై మిస్సింగ్ కొడుతుంది. ప్లగ్గు బిగించేటప్పుడు మొదటి చుట్లు ఎక్స్‌టెన్షన్ రాడ్డుని వేళ్ళతో తిప్పి ఎక్కించాలి. అడ్డమర పడిందంటే హెడ్డు (ఇంజన్ పై భాగం) దింపాల్సి రావచ్చు. రెండోది కూలెంటు. రిజర్వాయరులో నీళ్ళు పోస్తూ పోస్తూ ఉంటే లోపల కూలెంటు మిగలదు. మన బోరు నీళ్ళ ఉప్పు రేడియేటరు గొట్టాల్లో పేరుకుంటుంది. కలిపి అమ్మే కూలెంటు అయితే అలాగే పోయాలి. గాఢమైనదైతే సగానికి సగం డిస్టిల్డ్ వాటరు. వేడి మీద రేడియేటరు మూత ముట్టుకోవద్దు.

ఇంకో మాట. సర్వీసు స్టేషన్లో బానెట్ ఎత్తి ప్రెజరు గన్‌తో ఇంజన్ కడగనివ్వకండి. ప్లగ్గు గుంటల్లో నీళ్ళు నిలిచి, కాయిళ్ళు పోయి మిస్సింగ్ వస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

---

ఘాటీ_డీజిల్ (కోరాపుట్)

పై సలహాలన్నీ పెట్రోలు బళ్ళకి. ఈ చర్చ చదివే డీజిల్ వాళ్ళు ఆగి చూడండి.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బండికి పొగ గొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. దానికి బూడిద తక్కువ వచ్చే ఆయిల్ కావాలి, మాన్యువల్‌లో సీ2 అనో సీ3 అనో రాసి ఉంటుంది. షెడ్డులో ట్రాక్టర్లకీ, జీపులకీ పోసే డీజిల్ ఆయిల్ పోస్తే బూడిద ఆ ఫిల్టరులో పేరుకుంటుంది. మసి అయితే వేడికి కాలిపోతుంది, బూడిద కాలదు. ఫిల్టరు ఖరీదు మామూలు సర్వీసులు ఎన్నో చేయించుకునేంత. డీపీఎఫ్ లైటు వెలిగిందని గొట్టం కోసి లోపలిది తీసేస్తామనేవాళ్ళని నమ్మొద్దు. పొల్యూషన్ పరీక్షలో దొరకొచ్చు, వారంటీ పోతుంది, సెన్సర్లు తప్పు చూపిస్తాయి. లైటు మొదటిసారి వెలిగినప్పుడే మంచి రోడ్డు మీద ఇరవై నిమిషాలు ఆపకుండా, ఆర్‌పీఎం 2,000 పైన ఉండేలా నడిపితే చాలాసార్లు అదే శుభ్రం చేసుకుంటుంది. ఆరకపోతే స్కానర్ ఉన్న వర్క్‌షాపుకే వెళ్ళాలి.

పొగని శుద్ధి చేయడానికి యాడ్‌బ్లూ వాడే బండికి పొలం యూరియా నీళ్ళలో కలిపి పోసే ఆలోచన ఎవరికీ రాకూడదు. అది 32.5 శాతం శుద్ధ యూరియా ద్రావణం. మన దగ్గర దొరికే ఎరువు యూరియాకి వేపనూనె పూత ఉంటుంది, ఇంజెక్టరు ముక్కు మూసుకుపోతుంది.

ఏఎంటీ గేరు (క్లచ్, గేర్లు బండే మార్చుకునే రకం) బళ్ళకి కూడా క్లచ్ మారిస్తే స్కానర్‌తో కొత్త క్లచ్ పట్టే చోటు నేర్పించాలి. ఆ స్కానర్ ఉన్న బయటి మెకానిక్కు దొరికితే ఫర్వాలేదు, లేకపోతే షోరూమ్. ఎయిర్‌బ్యాగ్ లైటు, తాళం చెవి కోడింగు, కంపెనీ రీకాల్ పనులు ఎప్పుడూ షోరూమ్‌లోనే. రీకాల్ (లోపం ఉందని కంపెనీయే బళ్ళని వెనక్కి పిలవడం) పని ఉచితం, బండి ఎన్ని చేతులు మారినా. ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోండి. నాన్నగారి 2013 బండిది కూడా చూడండి.

---

పదోనంబర్_పానా (రాయగడ)

కాశీనగర్ అన్న చెప్పిన తీరుకి ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. రెండు సంగతులు కలుపుతాను.

ఎయిర్ ఫిల్టరు. గనుల లారీలు తిరిగే రోడ్ల మీదా, మట్టి రోడ్ల మీదా తిరిగే బండికి మాన్యువల్‌లో "తీవ్ర పరిస్థితులు" అనే పట్టిక వేరుగా ఉంటుంది, అది మనకి వర్తిస్తుంది. ఐదువేలకి ఒకసారి తీసి దులపండి. గాలి కొట్టేటప్పుడు లోపలి వైపు నుంచి బయటికి కొట్టాలి. బయటినుంచి కొడితే దుమ్ము కాగితం లోపలికి దిగుతుంది. కోతల కాలంలో ఆ డబ్బా తెరిచినప్పుడు ఎలకలు తెచ్చిన వడ్లు, పీచు కనిపిస్తే వైర్లు కూడా ఒకసారి తడిమి చూడండి.

ఏసీ గ్యాసు. ఏడాదికోసారి గ్యాసు నింపాలనేది తప్పు. అది మూసి ఉన్న వ్యవస్థ, తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కారే చోటు పట్టకుండా నింపితే మళ్ళీ ఎండాకాలానికి అదే ఖర్చు. బానెట్ కింద స్టిక్కరు మీద ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది, తూకం వేసి నింపే యంత్రం ఉన్న చోటే నింపించండి. మీటరు ముల్లు చూసి అందాజుగా నింపితే ఎక్కువైపోయి కంప్రెసరు మీద భారం పడుతుంది.

---

వంశధార_ఒడ్డున

పాత బండి బ్రేక్ ఆయిల్ కూడా షెడ్డులో మార్పించొచ్చా? దానికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) ఉంది. ఏబీఎస్ ఉంటే కంప్యూటర్ లేకుండా ముట్టుకోకూడదని ఒకాయన అన్నాడు. అలాగే షెడ్డులో బిల్లు ఇవ్వకపోతే లెక్క ఎలా ఉంచుకోవాలి?

---

కాశీనగర్_షెడ్డు (గజపతి జిల్లా)

మార్పించొచ్చు తమ్ముడూ. ఆయిల్ మార్చడానికి కంప్యూటర్ అక్కర్లేదు, ఒక్క షరతు మీద: పైన రిజర్వాయరు ఒక్కసారి కూడా ఖాళీ కాకూడదు. ఖాళీ అయితే గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి వెళ్తుంది. అది మామూలు బ్లీడింగ్‌తో (పెడల్ తొక్కి గాలి బయటికి తీయడం) రాదు, అప్పుడే స్కానర్ అవసరం.

సీలు ఉన్న అర లీటరు డబ్బాలు రెండు కొనండి, బండి రిజర్వాయరు మూత మీద డాట్ 3 అని ఉంటే అదే, డాట్ 4 అని ఉంటే అది. డాట్ 5 మాత్రం వేరే జాతి, దీనితో కలవదు. షెడ్డులో తెరిచి పెట్టిన సగం డబ్బా వద్దు, అది ఈపాటికి తేమ పట్టి ఉంటుంది. ముందు పాత ఆయిల్ పిచికారీతో రిజర్వాయరులోంచి తీసి, కొత్తది పై గుర్తు దాకా పోయాలి. తర్వాత మాన్యువల్ చెప్పిన వరసలో ఒక్కో చక్రం నిపుల్ (బ్రేక్ ఆయిల్ బయటికి వదిలే చిన్న బోల్టు) విప్పాలి. ఒకరు పెడల్ నెమ్మదిగా తొక్కి పట్టి ఉంచాలి, ఇంకొకరు నిపుల్ విప్పి, పారే ఆయిల్ చూసి, బిగించాకే "వదులు" అనాలి. బిగించకముందే పెడల్ వదిలితే గాలి వెనక్కి పీల్చుకుంటుంది. నిపుల్‌కి పారదర్శకమైన గొట్టం తగిలిస్తే, టీ రంగులో వచ్చేది తేనె రంగుకి మారడం, బుడగలు ఆగడం కంటికి కనిపిస్తాయి. నాలుగైదు తొక్కులకి ఒకసారి పైన మట్టం చూసి నింపుతూ ఉండాలి. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్ళతో కడగాలి, రంగు లేచిపోతుంది. అంతా అయ్యాక ఇంజన్ స్టార్ట్ చేసి పెడల్ గట్టిగా తొక్కి పట్టుకోండి. అర నిమిషంలో మెల్లగా కిందకి జారుతుంటే బండి రోడ్డెక్కించకండి.

లెక్కకి ఒక నోటుబుక్కు చాలు: తేదీ, కిలోమీటర్లు, వేసిన ఆయిల్ గ్రేడు, ఫిల్టరు పార్ట్ నంబరు. స్పేర్స్ షాపు బిల్లు దాని పేజీకే అంటించండి, ఆ బిల్లు మీద బండి నంబరు రాయించుకోండి. రేపు బండి అమ్మేటప్పుడు కూడా పనికొస్తుంది.

చక్రాలు విప్పారు కాబట్టి యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ ఒకసారి బిగువు చూడండి. ఆయిల్ మార్చిన రాత్రి ఇంజన్ కింద ఒక అట్టముక్క పరిచి పెట్టండి. పొద్దున్న చుక్కలుంటే అట్ట కదపకుండా వంగి చూడండి, డ్రెయిన్ బోల్టుకి సూటిగా కింద పడ్డాయా, ఫిల్టరు కింద పడ్డాయా అని. బోల్టు కిందైతే వాషరు. ఫిల్టరు కిందైతే బండి స్టార్ట్ చేయకుండా మెకానిక్కునే ఇంటికి పిలిపించండి.